అప్‌డేట్: ఇంటి పీసీకి బయటి నుంచి కనెక్షన్ కుదిరింది

రౌటర్‌లో 3389 పోర్టు ఫార్వర్డ్ చేసినా, అంటే బయటి నుంచి ఆ నంబరుకి వచ్చే కనెక్షన్‌ని ఇంట్లోని పీసీకి పంపమని పెట్టినా, ఆఫీసు నుంచి ఇంట్లోని పీసీకి రిమోట్ డెస్క్‌టాప్ కలవడం లేదని మొన్న అడిగాను కదా. తప్పు రౌటర్‌ది కాదు. మీరు చెప్పినట్టే రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ ప్రొవైడర్ రౌటర్‌కి ఇచ్చే అడ్రసు) చూస్తే 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా అడ్రసులు ప్రొవైడర్ల లోపలి వాడకానికట. అంటే ఒకే పబ్లిక్ అడ్రసు మాతో పాటు ఇంకెన్నో ఇళ్లకి. బయటి నుంచి వచ్చే కనెక్షన్ ప్రొవైడర్ దగ్గరే ఆగిపోతోంది, మా రౌటర్ దాకా రానే రాదు. రెండు రోజులు దాన్ని రీసెట్ చేస్తూ కూర్చున్నాను, అది వేరే సంగతి.

చివరికి టెయిల్‌స్కేల్ వేశాను, మన పరికరాలను ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే యాప్ అది. పీసీ, ల్యాప్‌టాప్ రెండూ లోపలి నుంచే బయటికి కనెక్ట్ అవుతాయి కాబట్టి దారి దొరికింది. 3389 ఫార్వర్డింగ్ తీసేశాను. కరెంటు వచ్చాక పీసీ తనంతట తాను ఆన్ అయ్యేలా బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే పీసీ సెట్టింగుల్లో) పెట్టి, మెయిన్ తీసి చూశాను. ఆన్ అయింది; అమ్మ సీరియల్ మాత్రం మధ్యలో పోయింది.