నెస్ సరస్సు నుంచి ఎగిరే పళ్ళాల దాకా: నమ్మకం ఎందుకు చెక్కుచెదరదు?

ప్రశ్న: స్కాట్లండ్‌లోని నెస్ సరస్సులో ఉందనే వింతప్రాణిదంటూ 1934లో వెలువడిన ప్రసిద్ధ ఛాయాచిత్రం, బొమ్మ జలాంతర్గామికి తల, మెడ అతికించి తీసినదని 1994లో బయటపడింది. అయినా ఆ ప్రాణిని చూశామనేవారు ఉన్నారు. వారందరూ అబద్ధమాడుతున్నారని నేను అనుకోను. మరి కారణమేమిటి?

జవాబు 1: చూడడం వేరు, చూసినదానికి పేరు పెట్టడం వేరు. 1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ పైలట్, రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది వస్తువులు కనిపించాయనీ, నీటిమీదికి విసిరిన సాసరు గెంతినట్టు అవి కదిలాయనీ చెప్పగా, పత్రికలు ఆ కదలికనే ఆకారంగా మార్చి ‘ఎగిరే సాసర్లు’ అన్నాయి. ఆయన గీసి చూపిన బొమ్మ గుండ్రని పళ్ళెం కానే కాదు. కానీ ఆ తరువాత ఎందరికో ఆకాశంలో పళ్ళాలే కనిపించాయి.

జవాబు 2: దాపరికాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అమెరికాలోని రాజ్వెల్ దగ్గర 1947లో దొరికిన, ఎగిరే పళ్ళేనివని జనం చెప్పుకున్న శకలాలు వాతావరణ బెలూనువని సైన్యం చెప్పింది. అవి సోవియట్ అణుపరీక్షలను పసిగట్టడానికి చేపట్టిన రహస్య మోగల్ పథకానివని వైమానిక దళం 1994లో గానీ వివరించలేదు. ఒకసారి దాచినవారిని జనం మళ్ళీ ఎలా నమ్ముతారు?

ప్రశ్నించినవారు: అలాగైతే, ఆకాశంలో కనిపించిన వింత వస్తువులపై అమెరికా వైమానిక దళం జరిపిన, 1969లో ముగిసిన బ్లూ బుక్ విచారణలో 12,618 నివేదికలకు గాను 701 తేలకుండా మిగిలాయి కదా?

జవాబు 1: తేలకపోవడమంటే గ్రహాంతర నౌక అని తేలడం కాదండీ, నిర్ధారించడానికి తగిన ఆధారాలు లేవని మాత్రమే.