అప్‌డేట్: ఈడీటీఏ టైట్రేషన్‌లో నీలం రంగు ఎందుకు రాలేదో తెలిసింది

నీటి కాఠిన్యాన్ని (అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలను) ఈడీటీఏ అనే రసాయన ద్రావణం చుక్కలుగా కలిపి కొలిచే ప్రాక్టికల్‌లో నీటి రంగు వైన్ రెడ్ నుంచి నీలంగా మారకుండా ఊదా రంగు దగ్గరే నానుతోందని, రీడింగులు కలవడం లేదని పోయిన వారం అడిగాను కదా, తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) మీద అనుమానపడినవారికి. మా ల్యాబ్ సార్ పీహెచ్ పేపర్ ముంచి చూస్తే 10 ఉండాల్సింది 8 దగ్గరే ఉంది! సీసా మూత సరిగ్గా పట్టక అమ్మోనియా ఎగిరిపోయిందట. అమ్మోనియం క్లోరైడ్, అమ్మోనియాతో కొత్త బఫర్ చేశాక ఒక్క చుక్కకే శుభ్రమైన నీలం; 12.4, 12.4, 12.3 మి.లీ. వచ్చాయి. ఈడీటీఏ మళ్లీ తూచి చేయడం, బ్యూరెట్ మార్చడం అన్నీ దండగ. రంగు మార్పు చూపించే ఇండికేటర్ ఎరియోక్రోమ్ బ్లాక్-టి తప్పేం లేదు, పాపం దాన్నే ఎక్కువ తిట్టుకున్నాను. రికార్డు మీద సంతకం కూడా అయింది.