సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి): తాడు లేని జోడు వీడిపోదు (ఆటవెలది)

నిర్వాహకుడు: మిత్రులారా, పైకి ఇది తాళి లేని దంపతుల మాటలా వినిపిస్తుంది. ఈసారి జోడంటే కాలిజోడే. అడిడాస్ సూపర్‌స్టార్ మీద పూరించండి. 1969లో వచ్చినప్పుడు అది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల కోసం చేసిన తోలు బూటు. చీలమండ కిందే ఆగుతుంది, వేళ్లకు దెబ్బ తగలకుండా ముందు రబ్బరు చిప్ప. బాస్కెట్‌బాల్ దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్ అంతటివాడు తొడిగాడు. నాకు ప్రాణమైన బూటు, మనసు పెట్టి రాయండి.

గుంటూరు తమ్ముడు:
మూడు గీతలున్న తెల్లని బూటురా
ఏబదేండ్లు దాటి యింక నిలిచె
లేసు లేకపోయె, లెక్కేమి? కాలిని
తాడు లేని జోడు వీడిపోదు

విశాఖ మాస్టారు: బాబూ, మొదటి పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ రావలసిన జత అక్షరం పడలేదు. 'మూ'కి 'తె' కుదరదు. 'ముద్దుల బూటురా' అను, సరిపోతుంది. 'లెక్కేమి?' దగ్గర విరుపు నాకు నచ్చింది.

డాలస్ అక్క:
ఆట చోట పుట్టి పాటలో బతికింది
పాతబడిన కొలది ప్రాణమైంది
కాలమెంత మారి కదలిపోయిన గాని
తాడు లేని జోడు వీడిపోదు

విశాఖ మాస్టారు: అమ్మా, మొదటి పాదం ఒక్కటే చాలు, ఆ బూటు కథంతా అందులో ఉంది. 'ఆట–పాట' ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరం 'ట' కలవడం) కూడా హాయిగా పడింది. కానీ తాడు ఎందుకు లేదో పద్యం చెప్పలేదు. సమస్యలో ముడి అదే కదా.

డాలస్ అక్క: నిజమే మాస్టారూ. రెండో పాదం మారుస్తున్నాను: 'లేసు విప్పి వీధి లెక్కకెక్కె'.

విశాఖ మాస్టారు: ఇప్పుడు ముడి విడింది.

హైదరాబాద్ సభ్యుడు: న్యూయార్క్ క్వీన్స్‌లోని హాలిస్ కుర్రాళ్లు, రన్ డీఎంసీ అనే ర్యాప్ బృందం, గుర్తొచ్చారు. లేసుల్లేకుండా తొడిగి, 1986లో ఆ బూట్ల మీదే పాట కట్టారు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్లు అడగ్గానే జనం తమ బూట్లు పైకెత్తి చూపించారు. ఆ తర్వాతే కంపెనీ వాళ్లతో ఒప్పందం చేసుకుంది.
వీధి పాటగాళ్ళు విప్పేసి లేసులు
నాలుకెత్తి నిలిపి నడిచినారు
చిప్పముక్కు బూటు చిందేసినా గాని
తాడు లేని జోడు వీడిపోదు

నిర్వాహకుడు: 'చిప్పముక్కు' అన్న మాటకే నా ఓటు! బూటు నాలుకను పైకి లాగి నిలపడం చూసినవాళ్లకే తెలుస్తుంది.

గుంటూరు తమ్ముడు: అన్నా, నిజంగా జారదా?

హైదరాబాద్ సభ్యుడు: నా జత లేసులు తీసి చూశాను తమ్ముడూ. నడిస్తే నిలుస్తుంది, పరుగెత్తితే మడమ లేస్తుంది. మూడో పాదంలో 'చిందు' ఉంచాలా వద్దా అని అందుకే ఆలోచిస్తున్నాను.

విశాఖ మాస్టారు: ఉంచండి. వాళ్లు స్టేజీ మీద అలాగే ఆడారు.