బరువు తగ్గే ఇంజెక్షన్‌కి ముందు ఇన్ని రక్త పరీక్షలు కావాలా?

కొర్లగుంట కుర్రోడు:
నా బరువు 104 కిలోలు. తిరుపతిలో ఒక డాక్టర్ గారు మౌంజారో మొదలుపెడదామన్నారు, కానీ ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్, లిపిడ్ (కొలెస్ట్రాల్), లివర్, కిడ్నీ అని చాంతాడంత చీటీ రాసిచ్చారు. నాకు షుగర్ లేదు. ఇవన్నీ నిజంగా అవసరమా, ల్యాబ్ బిల్లు కోసమా?

అలిపిరి మెట్లు:
షుగర్ లేదని నీకెలా తెలుసు, ఎప్పుడైనా చూపించుకున్నావా? హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 అయితే ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క, పైకేమీ తెలీదు. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువుంటే బరువుకి థైరాయిడ్ కూడా ఒక కారణం కావచ్చు. కిడ్నీకి చూసే క్రియాటినిన్ ఎందుకంటే, ఈ మందుతో వాంతులు విరేచనాలు ఎక్కువైతే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీల మీద పడుతుంది, అందుకే మొదట్లో ఎంతుందో తెలిసుండాలి.

చిత్తూరు అక్క:
జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు తమ్ముడూ, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. (గుండు కొట్టించుకున్నవాళ్లకి ఆ బాధ లేదనుకో!) ఇంకోటి, నీకు గతంలో పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అన్నది ఈ చీటీలోని పరీక్షలు చెప్పవు, నువ్వే డాక్టర్‌కి చెప్పాలి. నన్నడిగితే రిపోర్టుల కన్నా అదే ముఖ్యం.

కొర్లగుంట కుర్రోడు:
థాంక్స్ అక్కా. పరగడుపున వెళ్లాలా?

అలిపిరి మెట్లు:
హెచ్‌బీఏ1సీకి అక్కర్లేదు. ఫాస్టింగ్ షుగర్ కూడా రాసుంటే రాత్రి పెందలాడే తినేసి పొద్దున కాఫీ కూడా తాగకుండా వెళ్లు, మంచినీళ్లు తాగొచ్చు. ఈమధ్య చేయించుకున్న రిపోర్టులేమైనా ఉంటే తీసుకెళ్లు, కొన్ని తగ్గిస్తారేమో. ఖర్చే టెన్షన్ అయితే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (షుగర్, థైరాయిడ్ లాంటివి చూసే విభాగం) ఓపీ ఉంది, అక్కడా ఒకసారి అడిగి చూడు.