తాళం హార్డ్‌డిస్క్ నిజంగా అవసరమా? బరంపురం నుంచి ఒక ప్రశ్న

బరంపురం_లెక్కలు:
అందరికీ నమస్కారం. బరంపురంలో చిన్న చిన్న షాపులవాళ్లకు జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. ఇల్లే ఆఫీసు. ఒక్కో క్లయింటుకి ఒక ఫోల్డరు. అందులో పాన్, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డులు ఉంటాయి. కొందరివి ఇంటి దస్తావేజులు కూడా. ఇదంతా ఒక మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో ఉంది. ఇచ్ఛాపురం, పలాస వైపు కూడా క్లయింట్లున్నారు కాబట్టి అది బ్యాగులో నాతోపాటే రైలెక్కుతుంది. పోతే కొత్త డిస్క్ కొనుక్కోవచ్చు, కానీ వాళ్ల కాగితాలు ఎవడి చేతిలో పడతాయో అని టెన్షన్.
మీద నంబర్ బటన్లుండి, పిన్ కొడితేగానీ తెరుచుకోని డిస్కులు వచ్చాయట. ధర చూస్తే మామూలు దానికి చాలా రెట్లుంది. అంత పెట్టాలా, లేక కంప్యూటర్లో ఏదో పాస్‌వర్డ్ పెట్టుకుంటే సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి.

రాయగడ_సిస్టమ్స్:
అన్నయ్యా, షాపుల్లో "పాస్‌వర్డ్ ఉన్న హార్డ్‌డిస్క్" అని అడిగితే వేర్వేరు సరుకులు చూపిస్తారు. ముందు అవేంటో విడదీసుకోండి.
మీరు చెప్పినవి ఏప్రికార్న్ ఏజిస్ ప్యాడ్‌లాక్, ఐస్టోరేజ్ డిస్క్అషుర్ లాంటివి. కింగ్‌స్టన్ ఐరన్‌కీ వాల్ట్ ప్రైవసీ 80 కూడా ఆ జాతిదే, దానికి బటన్ల బదులు టచ్ స్క్రీన్ ఉంటుంది. కేబుల్ పెట్టగానే ఏజిస్ లాంటివాటికి ఎర్ర లైటు వెలుగుతుంది. పిన్ కొట్టి తాళం బొమ్మ ఉన్న బటన్ నొక్కితే పచ్చ లైటు. అప్పటిదాకా కంప్యూటర్‌కి అక్కడ డిస్క్ ఒకటుందన్న సంగతే తెలీదు. కేబుల్ లాగేస్తే మళ్లీ తాళం పడిపోతుంది. పిన్ కంప్యూటర్‌లో కొట్టం కాబట్టి అందులో కీబోర్డు నొక్కులు దొంగిలించే వైరస్ ఉన్నా దానికి పిన్ దొరకదు. రోజూ అవే అంకెలు నొక్కితే ఆ బటన్లే అరిగి పిన్ బయటపడుతుందని, అరగని పూత కూడా వేస్తారు.
రెండో రకం డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్, శాంసంగ్ టీ7 లాంటివి. తాళం వేసే చిప్ డిస్కులోనే ఉంటుంది, కానీ పాస్‌వర్డ్ మాత్రం కంప్యూటర్‌లో వాళ్ల సాఫ్ట్‌వేర్ తెరిచి కొట్టాలి. ధర మామూలు డిస్క్ ధరే.
ఇక ఏ డిస్క్ మీదైనా బిట్‌లాకర్ (విండోస్‌లోనే వచ్చేది), వెరాక్రిప్ట్ (విడిగా వేసుకునేది) లాంటి సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసుకోవచ్చు. ఇవి కాక ఫోల్డర్ని దాచేసి "లాక్" అని చెప్పుకునే ఉచిత యాప్‌లున్నాయి. వాటి జోలికి పోకండి. డిస్క్ వేరే కంప్యూటర్‌కి పెడితే ఫైళ్లన్నీ బయటే ఉంటాయి.

పర్లాకిమిడి_ఫోటో:
రెండో రకం నేను వాడుతున్నాను. పెళ్లి ఫోటోలు, వీడియోలు. పెళ్లికూతురి ఫోటోలు ఎక్కడెక్కడో తిరగకూడదు కదా. స్పీడు తగ్గుతుందని కొందరు భయపెట్టారు. అదేం లేదు. చిప్ పని చిప్ చేసుకుపోతుంది, ఆలస్యమంతా తిరిగే డిస్కుదే.
చికాకు ఇంకోచోట ఉంది. తాళం వేసి ఉన్నప్పుడు ఏ కంప్యూటర్‌కి పెట్టినా చిన్న సీడీ లాంటి డ్రైవ్ ఒకటి, అందులో అన్‌లాక్ ప్రోగ్రామ్, అంతే కనిపిస్తాయి. శ్రీకాకుళం ల్యాబ్‌లో "అన్నా, ఇది ఖాళీ డిస్క్, ఏమీ లేదు" అన్నారు. వాళ్ల కంప్యూటర్‌లో బయటి ప్రోగ్రాములు నడపనివ్వరట. టీవీకి పెడితే అసలే పలకదు. పదిచోట్ల తిప్పే డిస్క్ అయితే బటన్లదే నయం అనిపిస్తుంది.

జయపురం_లినక్స్:
అందరూ డబ్బా మీద "ఏఈఎస్ 256" (కీ లేనిదే చదవలేనట్టు డేటాని మార్చేసే లెక్క) చూసి మురిసిపోతున్నారు. ఆ లెక్క మంచిదే, దాన్ని ఇంతవరకు ఎవరూ విరగ్గొట్టలేదు. కంపెనీలు దాన్ని అమర్చిన తీరుతోనే పేచీ.
2015లో ముగ్గురు పరిశోధకులు మై పాస్‌పోర్ట్ డిస్కులు విప్పి చూస్తే, కొన్ని మోడళ్లలో కీ (డేటాకి తాళం వేసే రహస్య సంఖ్య) తయారుచేసే పద్ధతి ఊహించగలిగేంత బలహీనంగా ఉందని తేలింది. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లు క్రూషియల్, శాంసంగ్ ఎస్ఎస్‌డీలు (లోపల తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్కులు) పరీక్షించారు. కొన్నిట్లో మనం పెట్టే పాస్‌వర్డుకీ, లోపల డేటాకి తాళం వేసిన కీకీ సంబంధమే లేదు! జేబులో పెట్టుకునే శాంసంగ్ టీ3, టీ5 కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటిదాకా విండోస్ బిట్‌లాకర్ "డిస్కులోనే తాళం ఉందిగా" అని దాన్నే నమ్మేది. 2019 సెప్టెంబర్‌లో ఆ పద్ధతి మార్చి, సొంతంగా తాళం వెయ్యడం మొదలుపెట్టింది. 2022లో ఒక జర్మన్ పరిశోధకుడు వెర్బాటిమ్ కీప్యాడ్ సెక్యూర్ అనే బటన్ల డిస్క్ పట్టుకున్నాడు. 20 తప్పు పిన్లు కొడితే లాకైపోతుందని కంపెనీ చెప్పింది, ఆయన కొడితే కాలేదు. పైగా ఒకే రకం డేటా ఉన్నచోట తాళం వేశాక కూడా ఒకే రకంగా కనిపించే పాత పద్ధతి వాడారు.
వీటిలో కొన్నిటికి తర్వాత అప్‌డేట్లు వచ్చాయనుకోండి. నేనైతే వెరాక్రిప్ట్ వాడతాను. ఉచితం, కోడ్ ఎవరైనా చదివి తప్పు పట్టొచ్చు. హార్డ్‌వేరే కావాలంటే ఫిప్స్ 140 (ఇలాంటి తాళాలకు అమెరికా ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్నది కొనండి. ఆ నంబరు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెబ్‌సైట్లో వెతికితే, సర్టిఫికెట్ ఆ మోడల్‌కే ఇచ్చారో లేదో తెలిసిపోతుంది.

రాయగడ_సిస్టమ్స్:
జయపురం తమ్ముడు చెప్పింది నిజం. కానీ బ్యాగు ఎత్తుకెళ్లే దొంగ ల్యాబ్ పెట్టుకుని చిప్పులు చదవడు. అలాంటివాడికి ఏ తాళమైనా చాలు. పగబట్టి వెంటపడేవాడుంటేనే సర్టిఫికెట్ల దాకా వెళ్లాలి. మన రిటర్నుల అన్నయ్యకి అంత శత్రువులు ఉండరనుకుంటా.
నా భయం వేరే. ఈ డిస్కులు దొంగకంటే ముందు యజమానికే తలుపు మూసేస్తాయి.
డేటా మీద అసలు తాళం మన పిన్ కాదు. లోపల పెద్ద రహస్య కీ ఒకటి ఉంటుంది, డేటా అంతా దానితోనే మారుతుంది. పిన్ ఆ కీని బయటికి తెస్తుందంతే. అందుకే పిన్ మార్చినప్పుడు టెరాబైట్ల డేటా మళ్లీ రాయక్కర్లేదు. అందుకే, తప్పు పిన్ల హద్దు దాటిన క్షణంలో కీని చెరిపేస్తే మొత్తం డేటా పోయినట్టే. డిస్క్ మాత్రం బాగానే ఉంటుంది, ఫార్మాట్ చేసి వాడుకోవచ్చు. 2021 జనవరిలో పేపర్లలో వచ్చింది చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రోగ్రామర్ ఒకాయన 7,002 బిట్‌కాయిన్ల తాళం ఐరన్‌కీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోగొట్టుకున్నాడు. 10 అవకాశాల్లో 8 అప్పటికే అయిపోయాయి. అక్కడ కంపెనీ కూడా ఏమీ చెయ్యలేదు. చెయ్యగలిగితే ఆ డిస్క్ కొనడమే దండగ.
ఇంకోటి, మా దగ్గరికి వచ్చిన కేసు. హోల్‌సేల్ కొట్టువాళ్ల డిస్క్, కంపెనీ పేరొద్దు. కింద పడి యూఎస్‌బీ సాకెట్ ఊడింది. పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టలేదన్నారు, సరే తేలికే అనుకుని లోపలి డిస్క్ తీసి వేరే డిస్క్ డబ్బాలో బిగిస్తే, చెత్త తప్ప ఏమీ లేదు. రెండో రకం డిస్కుల్లో చాలావాటిలో పాస్‌వర్డ్ పెట్టకపోయినా చిప్ తాళం వేస్తూనే ఉంటుంది. బోర్డు పోతే డిస్క్ బాగున్నా చదవలేం. అదే బోర్డుకి సాకెట్ మళ్లీ సోల్డరింగ్ చేస్తే డేటా బయటపడింది. బోర్డే కాలిపోయి ఉంటే చేతులెత్తేసేవాళ్లం.
కాబట్టి తాళం డిస్క్ ఒక్కటే కొనే డబ్బుంటే కొనొద్దు. రెండో కాపీకి కూడా డబ్బుంటేనే కొనండి.

సిరొంచ_సేవ:
నమస్తే అన్నా, మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరొంచ. కాళేశ్వరం మాకు గోదావరి అవతలి ఒడ్డే. మేడిగడ్డ బ్యారేజీ నీళ్లు చేలల్లోకొచ్చిన రైతులకు పరిహారం అర్జీలు రాసిపెడుతుంటాం. సాత్‌బారాలు (మా వైపు భూమి రికార్డు కాగితాలు), ఆధార్, పాస్‌బుక్కులు అన్నీ స్కాన్ చేసి పెట్టుకోవాలె. అంత ఖరీదు డిస్క్ మా వల్ల కాదు, వెరాక్రిప్టే వాడుతున్నం.
ఒక్క మాట జాగ్రత్త. డిస్క్ మొత్తానికి వెరాక్రిప్ట్ వేస్తే, విండోస్‌కి అది అర్థంకాక "ఫార్మాట్ చేస్తేనే వాడగలరు" అని బాక్స్ చూపిస్తది. జిరాక్స్ షాపులో పిల్లగాడు ఆ బాక్స్ చూసి ఓకే మీదికి మౌస్ తీసుకుపోయిండు. "ఆగు ఆగు" అని అరిస్తే ఆగిండు. అందుకే ఇప్పుడు డిస్క్ మామూలుగా ఉంచి, దానిలో ఒక పెద్ద ఫైలు లాగా వెరాక్రిప్ట్ కంటైనర్ పెట్టినం. షాపువాళ్లకు అది ఏదో పెద్ద ఫైలు అంతే, ఫార్మాట్ బాక్స్ రాదు. ప్రింటు కావాల్సిన కాగితం ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోతం, డిస్క్ ఇంట్లనే.

గుణుపురం_మాస్టారు:
మాది పాత కుటుంబం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం కాకముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా, మా తాతల నాటి భూమి కాగితాలు తెలుగులో ఉన్నాయి. తర్వాతివన్నీ ఒడియాలో. 2018లో తిత్లీ తుఫానుకి పెట్టెలోకి నీళ్లొచ్చి కొన్ని ముద్దయిపోయాక మా అబ్బాయి మిగిలినవన్నీ స్కాన్ చేశాడు. వాటిని పిన్ ఉన్న డిస్కులో పెడదామని వాడు, వద్దని నేను.
ఆ పాత కాగితాల్లో దాచాల్సిన రహస్యం ఏముంది? అన్నదమ్ముల పిల్లలందరి దగ్గరా ఒక్కో కాపీ ఉండాలి. తాళం వేసి నేను పోతే, పిన్ నాతోనే పోతుంది. బ్యాంకు వివరాలు, వీలునామా మాత్రం తాళంలో ఉంచాను. ఆ పిన్ కాగితం మీద రాసి, కవరు అంటించి, బ్యాంకు లాకర్లో పెట్టాను. లాకర్ మా ఆవిడ పేరున కూడా ఉంది. పిన్ కవరూ డిస్కూ ఒకే బీరువాలో పెట్టేవాళ్లను చూశాను. వాళ్లకి ఈ ఖర్చంతా ఎందుకో నాకు అర్థం కాదు.

ఛత్రపురం_లా:
లెక్కల అన్నయ్యకి ఇంకో సంగతి. ఊళ్లో ఎవరూ పట్టించుకోరు గానీ, 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. మన దగ్గరున్న ఇతరుల వివరాలకు తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెయ్యొచ్చని అందులో ఉంది. అది పెద్ద కంపెనీలని చూసి పెట్టిన అంకె, మీమీద పడుతుందని కాదు. అసలు అవసరం లేని కాగితాలు తీసేయండి. పని అయిపోయిన పాత క్లయింట్ల ఆధార్‌లు ఎందుకు మొయ్యడం? ఉంచాల్సిన చోట మాస్క్‌డ్ ఆధార్ అడగండి, చివరి 4 అంకెలే కనిపిస్తాయి. పోర్టల్ పాస్‌వర్డులు ఎక్సెల్ షీట్లో ఉంటే అవి ముందు పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి (పాస్‌వర్డులన్నీ ఒకే తాళం కింద దాచే యాప్) మార్చండి.

బరంపురం_లెక్కలు:
ఛత్రపురం లా గారూ, మీ మాటతో సగం ఫోల్డర్లు అక్కర్లేదని తేలింది. దండాలు. ఇంకో రెండు సందేహాలున్నాయి. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. డెస్క్‌టాప్ ఆగిపోతే బటన్ల డిస్క్ ఏమవుతుంది? ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బులడిగే ఆ వైరస్ వస్తే ఈ తాళం ఆపుతుందా?

రాయగడ_సిస్టమ్స్:
ఆపదు. పిన్ కొట్టి తెరిచాక కంప్యూటర్‌కి అది మామూలు డిస్కే, మీరు చదవగలిగితే వైరస్ కూడా చదవగలదు, రాయగలదు. కొన్ని బటన్ల డిస్కుల్లో చదవడానికి మాత్రమే తెరిచే పద్ధతి ఉంటుంది. బయటి కంప్యూటర్‌కి పెట్టేటప్పుడు అదే వాడండి. వాడకుండా వదిలేస్తే తనంతట తనే లాకయ్యే టైమర్ కూడా ఉంటుంది. కొన్న రోజే దాన్ని ఆన్ చెయ్యండి. ఫ్యాక్టరీ పిన్ ఉంటే అదీ ఆ రోజే మార్చండి.
కరెంటు పోతే డిస్క్ లాకవుతుంది, దానివల్ల నష్టం లేదు. కాపీ అవుతుండగా పోతే ఆ ఫైలు పాడు కావచ్చు, ఫైల్ సిస్టమే దెబ్బతినొచ్చు. మామూలు డిస్కుకీ ఇదే గతి, చిన్న యూపీఎస్ పెట్టండి. అలాగే కేస్ ముందువైపు పోర్టులు పాత డెస్క్‌టాప్‌ల్లో కరెంటు సరిగ్గా ఇవ్వవు. లైటు మిణుకుమిణుకుమంటుంది, పిన్ తీసుకోదు. డిస్క్ పాడైందని మా దగ్గరికి తెచ్చేవి కొన్ని ఇలాంటివే. వెనక మదర్‌బోర్డు పోర్టుకి పెడితే పలుకుతాయి.

జయపురం_లినక్స్:
బిట్‌లాకర్ ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు. విండోస్ ప్రో ఉంటే ఇప్పుడున్న డిస్కుకే వెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. విండోస్ హోమ్‌లో వెయ్యలేరు గానీ, వేసిన డిస్కుని తెరవొచ్చు. 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది, దాన్ని అదే డిస్కులో సేవ్ చేసుకోకండి.

బరంపురం_లెక్కలు:
సరే, నా దగ్గర ప్రో ఉంది. ఇంట్లో ఉండే కాపీకి బిట్‌లాకర్ వేస్తాను, రైల్లో తిరిగేదానికి చిన్న సైజు బటన్ల ఎస్ఎస్‌డీ. అన్ని క్లయింట్ల ఫైళ్లూ మోసుకెళ్లక్కర్లేదు, ఆ రోజు కలిసేవాళ్లవి చాలు.

సిరొంచ_సేవ:
అన్నా, ఆ బటన్ల డిస్క్ ఫోన్‌కి పెడితే తెరుచుకుంటదా? ఊళ్లకు పోయినప్పుడు మా దగ్గర ల్యాప్‌టాప్ ఉండదు.

రాయగడ_సిస్టమ్స్:
తెరుచుకుంటుంది. పిన్ డిస్క్ మీదే కొడతాం కాబట్టి యాప్ అక్కర్లేదు, ఓటీజీ (ఫోన్‌కి పెన్‌డ్రైవ్ లాంటివి తగిలించే సదుపాయం) ఉన్న ఫోన్ చాలు. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చదవవు, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌కి మార్చుకోండి. తిరిగే డిస్క్ అయితే ఫోన్ కరెంటు చాలకపోవచ్చు, ఎస్ఎస్‌డీ తీసుకోండి. కొనేముందు షాపులోనే మీ ఫోన్‌కి పెట్టించి చూడండి.