బోరు నీళ్లకి బ్రష్, సబ్బు పనికొస్తాయా? ఫోమ్ డబ్బాయే మేలా?

నిజాంపేట_కిరణ్:
మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్. వాడకానికి బోరు నీళ్లు, ఎండాకాలం వస్తే ట్యాంకర్లు. ఇన్నాళ్లూ ఫోమ్ డబ్బాతోనే గడ్డం గీసుకున్నాను. మెడ కింద మంట, ఎర్రటి పొక్కులు తగ్గట్లేదు. ఆఫీసులో ఒకాయన చెబితే పంది వెంట్రుకల బ్రష్, షేవింగ్ సబ్బు కొన్నాను. ఎంతసేపు తిప్పినా నురగ నిలబడట్లేదు. ముఖానికి రాసేలోపే నీళ్లలా కారిపోతోంది. గిన్నె అంచుకి తెల్లటి జిడ్డు పట్టుకుంటోంది. బ్రష్ మార్చాలా, సబ్బు మార్చాలా, మళ్లీ ఫోమ్‌కే పోవాలా? ముందు నూనె ఏమైనా రాయాలా?

మలక్‌పేట_మాస్టారు:
బ్రష్ మీద నెపం వేయకండి బాబూ. పంది వెంట్రుక కొత్తలో మొండిగా ఉంటుంది, సబ్బుని సరిగ్గా అందుకోదు. స్నానానికి వెళ్లే ముందు మగ్గులో గోరువెచ్చటి నీళ్లు పోసి కుచ్చు మునిగేలా నానబెట్టండి. మరిగే నీళ్లు మాత్రం వద్దు, లోపలి జిగురు వదులవుతుంది. కొన్ని వారాలు వాడితే వెంట్రుకల కొసలు చీలి మెత్తబడతాయి. మొదలు బిరుసుగానే ఉండి గడ్డాన్ని లేపి పట్టుకుంటుంది. ఆ పని వేరే ఏ బ్రష్ చేయదు.

ముఖ్యమైన సంగతి, వాడాక బ్రష్‌ని తలకిందులుగా వేలాడదీయాలి. నిలబెడితే నీళ్లు పిడిలోకి దిగి వెంట్రుకలు ఊడిపోతాయి.

సింథటిక్_సాయి:
వేలాడదీసినా నిలబెట్టినా ఒకటే సార్. గట్టిగా విదిలించి, టవల్ మీద నాలుగుసార్లు తుడిచి, గాలి ఆడే చోట పెడితే ఆరిపోతుంది. తడి బ్రష్‌ని మూసిన అల్మారాలో పెడితేనే కంపు కొడుతుంది.

అసలు జంతువుల వెంట్రుక ఎందుకు? మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగ్గా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల వల్ల సైనికులకు ఆంత్రాక్స్ వచ్చింది. ఇప్పుడు వచ్చే సింథటిక్ కుచ్చు మెత్తగా ఉంటుంది, నానబెట్టే పని లేదు, తొందరగా ఆరుతుంది, సబ్బు కూడా తక్కువ తాగుతుంది. కిరణ్ గారూ, అదే కొనండి.

మలక్‌పేట_మాస్టారు:
శుద్ధి చేయని సరుకు అని మీరే రాశారు, శుద్ధి చేసిన సరుకుని మీరే తిడుతున్నారు. ఆ భయం నూరేళ్ల కిందటిది. నేను అడిగింది పిడిలోకి నీళ్లు దిగడం గురించి, దానికి జవాబు లేదు. నిలబెట్టిన బ్రష్ కుచ్చంతా ఊడి నా చేతిలోకి వచ్చింది. వేలాడదీసినది ఈరోజుకీ వాడుతున్నాను.

యూసుఫ్_టోలీచౌకి:
మేము పంది వెంట్రుక వాడం. చౌక బ్రష్‌ల మీద చాలావాటికి ఏమీ రాసి ఉండదు. ఎలా తెలుసుకోవాలి?

సింథటిక్_సాయి:
యూసుఫ్ భాయ్, అట్ట మీద ఉత్త ‘నేచురల్ బ్రిసిల్’ అని ఉంటే చాలావరకు పందిదే అనుకోండి. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుక అయితే ఆ పేరు గొప్పగా వేస్తారు, ధర కూడా ఎక్కువ. అనుమానం ఉన్నది వదిలేసి సింథటిక్ అనో నైలాన్ అనో స్పష్టంగా రాసి ఉన్నది తీసుకోండి.

ఉప్పల్_సెలూన్:
కిరణ్ గారూ, లోపం మీ బ్రష్‌లో లేదు, సబ్బులోనూ లేదు. నీళ్లలో ఉంది. మీ గీజర్ రాడ్‌కి తెల్లగా పెచ్చు కడుతుందా? బకెట్‌కి మరకలు పడతాయా? అదే ఇక్కడా జరుగుతోంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిస్తే నీళ్లలో కరగని తెట్టు అవుతుంది. మీ గిన్నెకి పట్టిన జిడ్డు అదే. ముందు ఆ ఖనిజాలన్నీ సబ్బుని తినేయాలి, మిగిలిన సబ్బే నురగవుతుంది.

రేపు ఇలా చేసి చూడండి. వంటింట్లో ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి ఒక చిన్న గ్లాసు నీళ్లు పట్టి వెచ్చబెట్టండి. ఆ నీళ్లతోనే బ్రష్ తడపండి, నురగ కూడా వాటితోనే తీయండి. ముఖం కడగడానికి బోరు నీళ్లయినా పర్వాలేదు. ఇన్నాళ్లు వాడిన బ్రష్‌లో తెట్టు పేరుకుని ఉంటుంది. కొంచెం నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి బాగా కడగండి.

ఫోమ్ డబ్బాకి ఈ బాధ ఎందుకు లేదంటే, దాన్ని కంపెనీలో మంచి నీళ్లతోనే కలిపి నింపుతారు. అందులోనూ ఉండేది ఒక రకం సబ్బే. మీ కుళాయితో దానికి పెద్దగా పని లేదు.

దిల్‌సుఖ్‌నగర్_నవీన్:
మాకు కృష్ణా నీళ్లు వస్తాయి, ఒంటి సబ్బుతో కూడా నురగ వస్తుంది. కిరణ్ అన్నా, ముందు కొబ్బరినూనె బాగా పట్టించు. బ్లేడు జారిపోతుంది.

ఉప్పల్_సెలూన్:
నవీన్ తమ్ముడూ, నూనె ఎక్కువైతే ఉన్న నురగ కూడా చస్తుంది. రెండు మూడు చుక్కలు చాలు, అది కూడా చర్మం మరీ పొడిబారిన వాళ్లకే. గడ్డాన్ని మెత్తబరిచేది నీళ్లు, నూనె కాదు. ముఖం తడిపి రెండు మూడు నిమిషాలు ఆగితే వెంట్రుక నీళ్లు పీల్చుకుని తేలిగ్గా తెగుతుంది. నురగ పని ఆ తడిని ఆరనివ్వకుండా పట్టి ఉంచడం, బ్లేడుకి జారుడు ఇవ్వడం. మీరు కార్ట్రిడ్జ్ రేజర్ వాడితే నూనెకి తెగిన వెంట్రుకలు అంటుకుని బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటాయి. ఒంటి సబ్బులో ఉండేది సోడియం. షేవింగ్ సబ్బులో పొటాషియం కూడా కలుపుతారు, అందుకే ఆ నురగ మెత్తగా, ముద్దగా వచ్చి త్వరగా ఆరదు.

సింథటిక్_సాయి:
నీళ్ల గురించి చెప్పింది సరే. కానీ సెలూన్ వాళ్ల దగ్గర షేవింగ్ పాఠాలు వినే ఓపిక నాకు లేదు. కాలేజీ రోజుల్లో మా వీధి షాపులో ఒకే బ్రష్, ఒకే గిన్నె, వచ్చినవాళ్లందరికీ అదే. నాకు గడ్డమంతా చీము పొక్కులు లేచాయి. చర్మం డాక్టరు చుట్టూ నెలల తరబడి తిరిగాను, మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. సొంత బ్రష్ కొనుక్కున్నది అందుకే. షాపుల్లో శుభ్రత ఉండదు.

మలక్‌పేట_మాస్టారు:
దానికి మందు బ్రష్ మానేయడం కాదు, కడగడం. ఇప్పుడు షాపుల్లో ఫోమ్ అరచేతిలో పిండి ముఖానికి పూసేస్తున్నారు. ఈ తరం పనివాళ్లకి బ్రష్ పట్టడం రాదు, నేర్పేవాళ్లూ లేరు. పని చెడిపోయింది.

ఉప్పల్_సెలూన్:
ఒకాయనకి మేము బ్రష్ వాడినందుకు కోపం, ఇంకొకాయనకి మానేసినందుకు కోపం. ఇద్దరికీ ఒకేసారి చెబుతాను.

మాస్టారూ, పని రాదంటే ఒప్పుకోను. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. నానిన బ్రష్‌ని రెండుసార్లు విదిలించాలి, కొసల్లో మాత్రమే తడి మిగలాలి. సబ్బు మీద తిప్పాక దవడ కింద నుంచి మొదలుపెట్టి సున్నాలు చుడుతూ పైకి రావాలి. బ్రష్‌ని అదిమితే నడుమ వెంట్రుకలు విరుగుతాయి. నురగ బిగుసుకుంటే కొసలు మళ్లీ ఒక్కసారి నీళ్లకి తాకించాలి. పెరుగు మీగడలా మెరుస్తూ ఉండాలి, బుడగలు కనపడకూడదు. చివర్లో రంగు వేసినట్టు అటూ ఇటూ సాపు చేయాలి. ఈ పని ఈరోజుకీ నా చేతిలో ఉంది.

మానేసింది మీరు మురికి అన్నందుకు. బ్రష్ చూసి కుర్చీలోంచి లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. సరే అని ఫోమ్ పెట్టాం. బ్లేడు ప్రతి మనిషికీ కొత్తది, కళ్ల ముందే కాగితం విప్పి, సగానికి విరిచి కత్తికి వేస్తాం. సాయి గారూ, మీకు జరిగింది తప్పే, ఆ షాపు చేసింది తప్పే. ఒక షాపు పేరుతో అందరినీ ఎలా కడిగేస్తారు? డబ్బా ఫోమ్, ఒక్కసారి వాడి పారేసే టిష్యూ, కొత్త బ్లేడు, ఇవన్నీ ఖర్చే కదా. షేవింగ్‌కి పది రూపాయలు పెంచితే గొడవ పెట్టుకుంటారు. అదే మనుషులు వేలు పోసి బ్యాడ్జర్ బ్రష్ తెప్పించుకుని, ఇంట్లో అద్దం ముందు అదే పని చేసుకుని దాన్ని కళ అంటారు. నా గొడవ వెంట్రుకల గురించి కాదు. మీ చేతిలో ఉంటే కళ అయినది మా చేతిలో మురికి ఎందుకైందని అడుగుతున్నాను.

ఎల్బీనగర్_777:
సెలూన్లకి 2021 ఏప్రిల్ నుంచి నెలకి 250 యూనిట్ల కరెంటు ఉచితం కదా, ఇంకా రేట్లు ఎందుకు పెంచుతారు?

ఉప్పల్_సెలూన్:
ఫ్యాను, లైట్లు, ట్రిమ్మర్ దాంతో నడుస్తాయి. షాపు అద్దె నడవదు.

లలిత_తార్నాక:
మా నాన్నకి పక్షవాతం వచ్చాక వీధి చివరి సెలూన్ ఆయన ఇంటికొచ్చి గడ్డం గీసి వెళ్తున్నారు. బ్రష్, సబ్బు, టవల్ మావే, బ్లేడు ఆయన కొత్తది తెస్తారు. నాన్న మాట స్పష్టంగా రాదు, కానీ బ్రష్ దవడకి తగలగానే కళ్లు మూసుకుని తల వెనక్కి వాలుస్తారు. సాయి గారూ, షాపుకి సొంత బ్రష్ తీసుకెళ్తే ఎవరూ వద్దనరు.

మలక్‌పేట_మాస్టారు:
నేను పని చెడిపోయిందన్నది అలవాటు గురించి, మనుషుల గురించి కాదు. దాని మీద వెనక్కి తగ్గను. వేలాడదీయడం మీద కూడా.

నిజాంపేట_కిరణ్:
ఫిల్టర్ నీళ్లతో చేశాను. అదే బ్రష్, అదే సబ్బు, నురగ గిన్నె నిండా వచ్చింది, చివరిదాకా నిలబడింది. బుగ్గల మీద మంట లేదు. మెడ మీద మాత్రం పొక్కులు అలాగే ఉన్నాయి.

ఉప్పల్_సెలూన్:
మెడ మీద వెంట్రుక ఒక్కో మనిషికి ఒక్కో దిక్కుకి వాలుతుంది. కొందరికి పక్కకి, కొందరికి కింద నుంచి పైకి. రెండు రోజులు గడ్డం పెంచి వేలితో తడిమి చూడండి. ఏ వైపు నిమిరితే నున్నగా తగులుతుందో బ్లేడు అటే పోవాలి. కొన్నాళ్లు మెడ మీద ఎదురు గీయొద్దు, అదిమి పట్టొద్దు. మీది ఉంగరాల వెంట్రుక అయితే బాగా లోతుగా తెగిన కొసలు వంగి చర్మంలోకే దిగుతాయి, ఆ పొక్కులు వాటివే అయ్యుండొచ్చు. నూనెతో పోవు. అక్కడ కాస్త గరుకు మిగిలినా వదిలేయండి.

యూసుఫ్_టోలీచౌకి:
బేగంబజార్‌లో సెలూన్ సామాను అమ్మే దుకాణంలో సింథటిక్ దొరికింది, ‘నైలాన్’ అని రాసి ఉంది. ఆర్‌ఓ నీళ్లతోనే మొదలుపెట్టాను. షుక్రియా.

సింథటిక్_సాయి:
ఉప్పల్ అన్నా, కొత్త బ్లేడు వేస్తున్నారు సరే. గీశాక రుద్దే పటిక సంగతి ఏంటి? ఒకే గడ్డ అందరి ముఖాల మీదా తిప్పుతారు. గాట్లు పడిన ముఖాల మీద అదే రుద్దితే కొత్త బ్లేడు వేసి ఏం లాభం?

ఉప్పల్_సెలూన్:
మంచి ప్రశ్న, అందరూ అడగాల్సిన ప్రశ్న. మా షాపులో గడ్డ రుద్దం. పటికని నీళ్లలో కరిగించి స్ప్రే సీసాలో పోసి పెట్టాం, ముఖానికి తాకకుండా కొడతాం. మీ వీధిలో ఇంకా గడ్డే తిప్పుతుంటే వద్దని చెప్పండి, సొంత పటిక జేబులో పెట్టుకెళ్లండి. ఉప్పల్ వైపు వస్తే రండి. మంగళవారం సెలవు, ఆదివారం పొద్దున రద్దీ. బ్రష్ మీదే తెచ్చుకోండి.

సింథటిక్_సాయి:
సింథటిక్‌తో చేయడం అలవాటేనా?