అప్‌డేట్: అమ్మ ఆపరేషన్ అయింది, ప్రభుత్వాసుపత్రిలోనే

అమ్మ పిత్తాశయంలో రాళ్లకు ప్రభుత్వాసుపత్రా, ప్రైవేటా అని అడిగాను కదా. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి తీసుకెళ్లి చివరికి ప్రభుత్వాసుపత్రిలోనే చేయించాం. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, అన్నం తింటోంది.

ప్రైవేటులో స్కానింగ్ వెంటనే అయిపోయింది, డాక్టర్ తెలుగులోనే ఓపిగ్గా చెప్పారు. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీకే పెద్ద లైను. అమ్మకు ఒడియా అంతంత మాత్రం. నర్సు అడిగినవన్నీ పక్క మంచం ఆవిడే తెలుగులో చెప్పి పెట్టింది. మందులు మాత్రం నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్లో ఉచితంగా ఇచ్చారు. అప్పు చేయాలనే టెన్షన్ లేదు కాబట్టే అమ్మ ఒప్పుకుంది. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

ప్రైవేటుకే వెళ్లాలనుకునేవాళ్లకు: 2025లో ఒడిశాలో మొదలైన ఆయుష్మాన్ భారత్-గోపబంధు ఆరోగ్య పథకం కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షల వరకు వైద్యం ఉచితం. ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో లేదో అడ్మిట్ కాకముందే కనుక్కోండి.